మామూలు ప్రేక్షకుడు నటన బాగుందో లేదో ఎలా చెప్పాలి? డబ్బింగ్ గదిలోంచి ఒక సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ‘కోర్ట్’ సినిమా చూసి నటుడు శివాజీ అదరగొట్టాడని మీరు ఆఫీసులో అన్నారు. పక్క సీటాయన “అది నటనా? అరుపులు” అని తీసిపారేశాడు. పైగా “నువ్వు టైంపాస్‌కి చూసేవాడివి, నీకేం తెలుస్తుంది” అని ఒక మాట విసిరాడు. నటన గురించి ఏమీ చదువుకోకుండా, వారానికో సినిమా, ఓటీటీలో అడపాదడపా ఒక సిరీసూ చూసే మనిషి ఎవరు బాగా చేశారో చెప్పొచ్చా, చెబితే దేన్ని పట్టుకుని చెప్పాలి అని అడిగారు.

చెప్పొచ్చు. నిక్షేపంగా చెప్పొచ్చు. పట్టుకోవాల్సింది కూడా ఒకటే: ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఆ నటుడు ఎలా వింటున్నాడో చూడండి. డైలాగుని బట్టి మార్కులు వేయడం మొదలుపెడితే, ఆ మార్కులు ఎవరికి పడుతున్నాయో మీకే తెలియదు. తెలుగు సినిమాలో మరీనూ. ఎందుకో చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

నేను 23 ఏళ్ళుగా హైదరాబాద్‌లో డబ్బింగ్ పనిలో ఉన్నాను. మొదట్లో గుంపు గొంతులు. పెళ్ళి సీన్‌లో వెనకాల గోల, సంతలో బేరాలు, “పట్టుకోండ్రా వాణ్ణి” అనే రౌడీల్లో నాలుగోవాడు. ఐదారుగురం ఒకే మైకు చుట్టూ నిలబడి ఊరంతా మేమే అయిపోయేవాళ్ళం. ఆ తర్వాత సీరియళ్ళలో బాబాయిలు, డాక్టర్లు, ఎస్సైలు. ఇప్పుడు గొంతు ఇవ్వడం తగ్గించాను, అద్దానికి ఇవతల కూర్చుని వేరేవాళ్ళ చేత చెప్పిస్తుంటాను. కాబట్టి విమర్శకుల మాటలు నా దగ్గర దొరకవు. వంటింట్లోంచి భోజనాల బంతిని చూసేవాడి మాటలు అనుకోండి.

షూటింగ్‌లో రికార్డయిన మాటల్ని మేం పైలట్ ట్రాక్ అంటాం. జనరేటర్ మోత, ఎవరో “సైలెన్స్” అని అరవడం, కుర్చీ లాగిన చప్పుడు, అన్నీ అందులో ఉంటాయి. తెలుగు రాని నటి అయితే ఇంకో గొంతు కూడా వినిపిస్తుంది. కెమెరా పక్కన నిలబడి అసిస్టెంట్ డైరెక్టర్ మాటలు ముక్కలు ముక్కలుగా అందిస్తుంటాడు. “నాన్నా” అంటాడు వాడు. “నాన్నా” అంటుంది ఆమె. “నువ్వు లేకపోతే” అంటాడు. “నువ్వు లేకపోతే” అంటుంది. “మేం ఏమైపోతాం”. “మేం ఏమైపోతాం”. బళ్ళో ఎక్కాలు అప్పజెప్పినట్టుంటుంది. ఆ పెదాల మీదకి మా డబ్బింగ్ అమ్మాయి ఒకతి, పొద్దున్న టిఫిన్ కూడా చేయకుండా వచ్చి, తన ఏడుపు ఎక్కిస్తుంది. ప, బ, మ వచ్చిన ప్రతిచోటా తెరమీద పెదాలు మూసుకోవాలి. “వెళ్ళిపో” అని రాసి ఉంటుంది, అక్కడ ఆ నటి పెదాలు కలవవు, అప్పటికప్పుడు “వెళ్ళింక” అని మార్చేస్తాం. మీరు థియేటర్‌లో కర్చీఫ్ తీసిన చోటు అదే అయ్యుండొచ్చు.

అందరికీ తెలిసిన ఉదాహరణ 2009 నాటి ‘అరుంధతి’. పశుపతి అనగానే సోనూ సూద్ ముఖమూ, “వదల బొమ్మాళీ” అన్న గొంతూ జంటగా గుర్తొస్తాయి. ఆ గొంతు పి. రవిశంకర్‌ది. బొమ్మాళి ఆయన ఇంటిపేరైపోయింది. పిల్లల్ని దుప్పట్లో దూరేలా చేసింది ఆ ఒళ్ళా, ఆ గొంతా? విడదీసి చెప్పడం నావల్ల కాదు. ఆయన అన్నగారు సాయికుమార్ ఏళ్ళ తరబడి రాజశేఖర్‌కి గొంతిచ్చారు. అదే సాయికుమార్ గారు మీరు చూసిన ‘కోర్ట్’లో పెద్ద లాయరుగా తన గొంతుతో తానే కనిపిస్తారు. అలాగే 2010లో ‘ఏ మాయ చేసావె’ మొదలుకొని చాలా ఏళ్ళపాటు సమంత గొంతంటే గాయని చిన్మయి గొంతే. ‘సీతారామం’లో మృణాల్ ఠాకూర్‌కీ చిన్మయే చెప్పింది. అది చూసొచ్చి మా మేనకోడలు, “ఈ అమ్మాయి కూడా సమంతలాగే మాట్లాడుతుంది మావయ్యా” అంది. దాని చెవికి దండం పెట్టాను.

ఇదంతా మోసం అని చెప్పడం లేదు, ఈ పని మీదే నా ఇల్లు గడిచింది. డైలాగు బాగుందంటే నటన బాగున్నట్టు లెక్క వేయొద్దు, అంతవరకే. సొంత గొంతు ఇచ్చినవాళ్ళని చూస్తే మాత్రం నాకు ముచ్చటేస్తుంది. దుల్కర్ సల్మాన్ మలయాళీ, అయినా ‘మహానటి’లో తనే చెప్పుకున్నాడు. పలుకులో ఎక్కడో చిన్న తేడా తెలుస్తూనే ఉంటుంది. చేసింది జెమినీ గణేశన్ పాత్ర, తమిళాయన, కాబట్టి ఆ తేడా పాత్రకి కలిసొచ్చింది. అదే సినిమాలో కీర్తి సురేశ్ కూడా సొంత గొంతే. జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. డబ్బింగ్ బూత్‌లో నాలుగు రోజులు నిలబడితే ఎవరికైనా కాళ్ళు పీకుతాయి, గొంతు బొంగురుపోతుంది, పైగా తన ముఖం తనే పదేపదే చూసుకోవాలి. అది పడినవాళ్ళకే తెలుస్తుంది.

ఇక మీ శివాజీ దగ్గరికి వద్దాం. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో ‘నైంటీస్: ఏ మిడిల్ క్లాస్ బయోపిక్’ వచ్చింది. అందులో లెక్కల మాస్టారు చంద్రశేఖర్. 2025 మార్చిలో ‘కోర్ట్’, అందులో మంగపతి. ఏడాదిన్నర కూడా తేడా లేదు. ఇద్దరూ ఇంట్లో పెత్తనం చేసే మగవాళ్ళే, ఇద్దరికీ పరువంటే ప్రాణం. గొంతు అదే, మనిషి అదే. వీలైతే రెండూ పక్కపక్కన పెట్టి, ఆయన మాట్లాడని చోట్లు మాత్రం చూడండి. మాస్టారు పిల్లల మాట వినేటప్పుడు ముఖంలో లోపల ఏదో లెక్క నడుస్తుంటుంది. జీతం, ఫీజు, ఇంకా ఎన్ని రోజులుంది ఒకటో తారీఖు. కోపం వచ్చినా దాని వెనక అలసట తెలుస్తుంది. మంగపతి అసలు వినడు. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ తన వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉంటాడు. చూపు ఎదుటి మనిషి కళ్ళలో ఉండదు, ఇంట్లో ఆడపిల్ల వేసుకున్న బట్టల మీదో గుమ్మం మీదో ఉంటుంది. అలాంటి మనిషి మన చుట్టాల్లో ఒకడైనా ఉంటాడు కదా. ఆ చుట్టం గుర్తొచ్చినందుకే మీకు ఒళ్ళు మండింది, ఒళ్ళు మండింది కాబట్టే అదరగొట్టాడన్నారు. మీరన్నది సరైనదే.

మరి ఆఫీసాయన అన్న అరుపుల మాట? దానికి రెండు జవాబులున్నాయి. ఒకటి, అరుస్తున్నది మంగపతి. అరిస్తే నెగ్గుతానని నమ్మే మనిషి అరవకపోతే తప్పు. అతి ఎప్పుడవుతుందంటే, అరవాల్సిన అవసరం పాత్రకి లేకపోయినా నటుడికి ఉన్నప్పుడు. రెండోది నా వృత్తి జవాబు: ఆయన ఎక్కడ చూశాడో అడగండి. థియేటర్ కోసం చేసిన మిక్సింగ్‌లో గుసగుసకీ అరుపుకీ మధ్య చాలా దూరం ఉంటుంది. అదే సినిమా ఫోన్ స్పీకర్‌లో పెడితే ఆ దూరమంతా నలిగిపోతుంది. మెల్లగా అన్న మాట వినబడక సౌండ్ పెంచుతాం, వెంటనే అరుపు వచ్చి చెవిలో గుచ్చుతుంది. అరుపుకి ముందున్న మూడు మెల్లని మాటలు ఆయనకి అందే ఉండవు. అవి వినబడకపోతే ఎంత గొప్ప నటుడిదైనా అరుపుగానే మిగులుతుంది. ఓటీటీలో చూసి ఇచ్చే తీర్పుల్లో చాలా గొడవ ఇక్కడే మొదలవుతుందని నా అనుమానం.

వినడం గురించి ఇంకో మాట. ‘రంగస్థలం’లో రామ్‌చరణ్ చేసిన చిట్టిబాబుకి చెవులు సరిగా వినబడవు. బాగా వినబడే మనిషి వినబడనట్టు ఉండాలంటే వెనక నుంచి పిలుపు వచ్చినప్పుడు మెడ కదలకూడదు. అది అనుకున్నంత తేలిక కాదు, ఈసారి ఎవరినైనా వెనక నుంచి మీ పేరు పెట్టి పిలవమని మీరే ప్రయత్నించండి.

యాస సంగతి చెప్పకపోతే ఈ సమాధానం సగమే. మాది తెనాలి దగ్గర పల్లె. పన్నెండేళ్ళ కిందట ఒక సినిమాలో నాకు మంచి పాత్రే వచ్చింది, నిజామాబాద్ రైతు. “వస్తున్న, పోతున్న” అంటే యాస అయిపోయిందనుకుని బూత్‌లోకి వెళ్ళాను. రెండు లూపులు (డబ్బింగ్ కోసం విడగొట్టిన సీను ముక్కలు) చెప్పేసరికి, అటువైపు కూర్చున్న అసిస్టెంట్ కుర్రాడు, ఆ జిల్లావాడే, నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి ఇంకొకర్ని పిలిపించారు. ఆ రోజు అర్థమైంది, యాస మాట చివర ఉండదు, మాటకీ మాటకీ మధ్య ఎక్కడ ఊపిరి తీసుకుంటామో అక్కడ ఉంటుంది. ఆ కుర్రాడే తర్వాత నాకు ఏడాదిపాటు నేర్పాడు. టీకి రూపాయి కూడా ఇవ్వనిచ్చేవాడు కాదు.

అందుకే 2023లో ‘బలగం’ చూసినప్పుడు నేను మామూలు ప్రేక్షకుడిలా కూర్చోలేకపోయాను, చెవులు నిక్కబొడుచుకునే ఉన్నాను. కొమురయ్యగా కేతిరి సుధాకర్‌రెడ్డి కనిపించేది సినిమా మొదట్లో కాసేపే. తర్వాత ఆయన లేడు, ఆయన పేరున పెట్టిన కూడుని పిట్ట (కాకి) ముట్టడం లేదన్న గొడవే సినిమా. కానీ ఆ కాసేపట్లో ఊళ్ళో తిరుగుతూ కనబడినవాళ్ళనల్లా పలకరించే తీరు ఎంత బాగుందంటే, మిగతా సినిమా అంతా ఆ ముసలాయన లోటు మనకీ తెలుస్తూ ఉంటుంది. నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన అలక పట్టుకుని ఏళ్ళ తరబడి అత్తారింటి గడప తొక్కని అల్లుడు నారాయణగా మురళీధర్ గౌడ్ ఉన్నాడు. ఆయన కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం చేసి రిటైరయ్యాక ఇటు వచ్చినవాడు. ‘డీజే టిల్లు’లో తండ్రి కూడా ఆయనే. అలిగిన మనిషి ముఖం ఎలా ఉంటుందో నటన స్కూల్లో చెబుతారో లేదో తెలియదు కానీ, బంధువుల మధ్య అరవయ్యేళ్ళు బతికితే వచ్చేస్తుంది. ఊళ్ళలో తెరలు కట్టి ఈ సినిమా వేసుకున్నారు, అన్నదమ్ములు కలిసి చూసి ఏడ్చారు. వాళ్ళెవరూ సినిమా చదువు చదవలేదు, మీ ఆఫీసాయనకి ఆ మాట చెప్పండి.

అదే సినిమాలో హీరో ప్రియదర్శిని గమనించారా? 2016లో ‘పెళ్ళిచూపులు’లో స్నేహితుడిగా నవ్వించాడు. 2019లో ‘మల్లేశం’లో ఆసు యంత్రం కనిపెట్టిన చేనేత బిడ్డ. ‘బలగం’లో తాత పోయాడన్న బాధకన్నా తన పెళ్ళి ఏమవుతుందోనన్న దిగులు ఎక్కువున్న మనవడు. ‘కోర్ట్’లో జూనియర్ లాయరు. ఆ నాలుగూ వరసగా చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది, ఇతను పక్కవాడికి చోటు వదులుతాడు. ‘కోర్ట్’లో శివాజీ అంతగా గుర్తుండిపోవడానికి ఎదురుగా నిలబడ్డవాడు గొంతు పెంచకపోవడమూ ఒక కారణం. ఇద్దరూ అరిచి ఉంటే మీ ఆఫీసాయన మాటే నెగ్గేది.

యాసలో ఎక్కువ మార్కులు కష్టానికి వేయొద్దు, ఫలితానికి వేయండి. ‘పుష్ప’లో అల్లు అర్జున్ చిత్తూరు మాట పట్టుకున్నాడు, ఒక భుజం ఎత్తి నడిచాడు. 2023లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ నటుడయ్యాడు, తెలుగులో ఆ అవార్డు అందుకున్న మొదటి నటుడు. ‘తండేల్’లో నాగచైతన్య శ్రీకాకుళం మాట్లాడాడు. నాకు పుష్పలో మాటకన్నా ఆ భుజమే ఎక్కువ నచ్చింది, ‘తండేల్’లో సాయిపల్లవి మాట కన్నా ఎదురుచూపు. ఇది నా రుచి. చిత్తూరువాళ్ళూ శ్రీకాకుళంవాళ్ళూ ఒప్పుకోకపోతే వాళ్ళ మాటే పైచేయి, ఎందుకంటే అది వాళ్ళమ్మ మాట్లాడే మాట.

సీరియళ్ళని ఈ తూకంతో తూచొద్దు. రోజుకో ఎపిసోడ్ లెక్కన తీసే పని అది. సాయంత్రం ఎడిటింగ్ నుంచి వస్తే రాత్రికి మేం చెప్పేయాలి, తెల్లారితే ప్రసారం. నేను ఒకే రాత్రి ఒక సీరియల్‌లో తండ్రినీ ఇంకోదాంట్లో ఆ తండ్రిని అరెస్టు చేసే ఎస్సైనీ అయిన రోజులున్నాయి. (ఒక సంస్థ ఎనిమిది నెలల డబ్బులు ఇప్పటికీ ఇవ్వలేదు, అది వేరే కథ.) అంత హడావుడిలోనూ ‘కార్తీకదీపం’లో వంటలక్కగా ప్రేమి విశ్వనాథ్ ఇంటింటి మనిషైపోయింది. ఆమె మలయాళీ, అక్కడి మాతృకలోనూ అదే పాత్ర చేసింది. ఒకే దుఃఖాన్ని ఏళ్ళ తరబడి, రెండు భాషల్లో, ప్రతి సాయంత్రం కొత్తగా మోయడం మామూలు ఓపిక కాదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మీరు చూసే వినడం కూడా ఒక్కోసారి నటుడిది కాదు, ఎడిటర్‌ది. నా కళ్ళముందే జరిగింది. తండ్రి చనిపోయిన కబురు విని కొడుకు స్తబ్ధుగా చూసే షాట్ ఒకటి ఎంత చేసినా కుదరలేదు. ఎడిటర్ రష్ (కత్తిరించకముందు తీసినదంతా) తిరగేసి, “యాక్షన్” అనకముందు ఆ కుర్రాడు లైటు సర్దుతున్నవాళ్ళని ఖాళీగా చూస్తున్న నాలుగు సెకన్లు పట్టుకొచ్చి అతికించాడు. కింద సన్నగా వయొలిన్ వేశారు. విడుదలయ్యాక అందరూ మెచ్చుకున్నది ఆ నాలుగు సెకన్లనే. అందుకని ఒక్క షాట్ చూసి తేల్చేయకండి, సినిమా మొత్తంలో కనీసం మూడు నాలుగు చోట్ల అదే శ్రద్ధ కనబడాలి.

నేనూ బోల్తా పడ్డాను. ఒక కొత్తమ్మాయి పైలట్ విని, “ఈ పిల్లకి ఏమీ రాదు” అని గదిలో అందరి ముందూ అనేశాను. తడబాట్లు, మధ్యలో ఆగిపోవడాలు. గొంతు మార్చి శుభ్రంగా చెప్పించాం. ఫైనల్ చూస్తే ఏదో చచ్చిపోయినట్టుంది. డైరెక్టర్ మళ్ళీ ఆ అమ్మాయినే పిలిపించి, తడబాట్లతో సహా చెప్పించాడు. తడబడుతున్నది ఆ పాత్ర, నేను ఆ పిల్లకి రాదనుకున్నాను. ‘కేరాఫ్ కంచరపాలెం’ లాంటివి, షూటింగ్‌లో అక్కడికక్కడే మాటలు రికార్డు చేసే సింక్ సౌండ్‌లో తీసి, ఆ పేటవాళ్ళనే తెరమీద నిలబెట్టినప్పుడు జనం ఎందుకు కదిలిపోయారో నాకు ఆ తర్వాతే పూర్తిగా ఎక్కింది.

చివరగా, మీకు పనికొచ్చే చిన్న పరీక్ష మా అమ్మది. అమ్మకి 78 ఏళ్ళు. సినిమాలో ఎవరైనా అన్నం తింటుంటే మాత్రం టీవీకి దగ్గరగా జరుగుతుంది. సెట్‌లో ఒక్క సీను ఏడెనిమిది సార్లు తీస్తారు, ప్రతిసారీ ముద్ద మింగితే కడుపు పగిలిపోతుంది, అందుకని చాలామంది కంచంలో కలుపుతూ కూర్చుంటారు. నోట్లో ముద్ద ఉన్నట్టు మాట రావాలంటే బూత్‌లో మేం బిస్కెట్ ముక్క బుగ్గన పెట్టుకుని చెబుతాం. అమ్మ ఇవేవీ తెలియకుండానే పట్టేస్తుంది. మొన్న ఒక పెద్ద సినిమా నడుస్తోంది, తల్లీకొడుకులు భోంచేస్తూ ఏడిచే సీను, ఆ కొడుక్కి గొంతు చెప్పించింది నేనే, రెండు పూటలు పట్టింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, “ఇందాకట్నుంచీ పప్పన్నమే కలుపుతున్నాడు, ఆకలి లేదేమో పాపం” అని వత్తుల డబ్బా తీసుకుని లేచి వెళ్ళిపోయింది.